ఇప్పుడేం చదువుతున్నారు, ఎందుకు చదువుతున్నారు?

ప్రశ్న: మాది నెల్లూరు. నా వయసు 48. ఒక సహకార సంఘం కార్యాలయంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. పుస్తకాలంటే ఇష్టమున్న మా కాలనీవాళ్లం కొందరం నెలకొక ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో కలుసుకుంటాము. ప్రస్తుతం ఏ పుస్తకం చదువుతున్నామో, ఎందుకు చదువుతున్నామో తలా అయిదు నిమిషాలు చెప్పాలన్నది మేము పెట్టుకున్న నియమం. పోయిన నెల నాకు ముందు విశ్రాంత సంస్కృత అధ్యాపకులొకరు కాళిదాసు మేఘసందేశం గురించీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయిన ఒక అబ్బాయి మానవజాతి చరిత్ర మీద వచ్చిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం గురించీ ధారాళంగా మాట్లాడారు. నా వంతు వచ్చేసరికి నోరు పెగల్లేదు. ‘ఈ మధ్య ఏమీ చదవడం లేదండీ’ అని తప్పించుకున్నాను.

నిజానికి నేను యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ మళ్లీ చదువుతున్నాను. పత్రికలో వచ్చినప్పుడు మా అమ్మ ఆ పేజీలు చించి దాచి బైండు చేయించుకున్న ప్రతి అది. అమ్మ పోయిన ఏడాది కాలం చేసింది. అక్కడక్కడ అంచుల్లో పెన్సిల్‌తో ‘సరిగ్గా అంది’ అనీ, ‘ఇక్కడ జయంతిదే తప్పు’ అనీ రాసుకుంది. అలాంటి పాత ప్రేమ నవల పేరు ఆ పెద్దల ముందు ఎత్తడానికి మొహం చెల్లలేదు. విశ్వనాథ వారి నవల ‘వేయిపడగలు’ కూడా మొదలుపెట్టాను కానీ రెండు వందల పేజీల దగ్గర ఆగిపోయాను. ఇంట్లో ఉండవలసిన పుస్తకమని విజయవాడ పుస్తక మహోత్సవంలో కొన్నాను. సగంలో వదిలిన పుస్తకం గురించి చెప్పవచ్చా? నేను చదివేవాటిని మార్చుకోవాలా? ఇంకొక సంగతి. మాలో ఒకావిడ కేన్సర్ గురించిన పుస్తకం చదువుతున్నానంటే అందరూ ‘ఎందుకు?’ అని అడిగారు. ఆవిడ తల వంచుకుని కూర్చుంది. నాకు చాలా బాధ అనిపించింది. చివరగా, మీరు ఇప్పుడేం చదువుతున్నారో, ఎందుకో చెప్పగలరా? (పేరు ప్రచురించవద్దు)

సమాధానం: మీ నియమంలో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది ఏ పుస్తకమని, రెండోది ఎందుకని. మీరు మొదటిదానికి భయపడి రెండోదానిని వినిపించుకోకుండా వచ్చేశారు. ఎందుకు చదువుతున్నారని అడిగినవాళ్లు ఆ పుస్తకం గొప్పదా కాదా అని అడగడం లేదు. ఇన్ని పుస్తకాలుండగా ఈ నెలలో మీ చేతికి అదే ఎందుకు వచ్చిందని అడుగుతున్నారు. ఆ సంగతి తెలిసినది మీరొక్కరే కనుక అధ్యాపకుల ముందైనా, మరెవరి ముందైనా ఆ అయిదు నిమిషాలూ మీకంటే ఎక్కువ తెలిసినవారు ఆ గదిలో ఉండరు. పైగా జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. పేజీలు చించి దాచిన తల్లి, అంచుల్లో పెన్సిల్ రాతలు, ఏడాది తర్వాత ఆ ప్రతిని మళ్లీ తీసిన కూతురు: మేఘసందేశం గురించి ఆ పెద్దాయన ఎంత బాగా మాట్లాడి ఉన్నా, చదవడానికి ఇంతకంటే తిరుగులేని కారణం చెప్పి ఉంటారని నేననుకోను.

మొహం చెల్లలేదన్నారు కనుక ఆ నవలల గురించి నాలుగు మాటలు చెప్పాలి. ‘సెక్రటరీ’ 1960ల నడుమ ‘జ్యోతి’ మాసపత్రికలో ధారావాహికగా వచ్చింది. కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టిన సులోచనారాణి గారికి అది మొదటి నవల. 1976లో సినిమా అయింది. 1960, 70 దశాబ్దాల్లో తెలుగు పత్రికలను నిలబెట్టినవి చాలావరకు స్త్రీలు రాసిన సీరియళ్లే. అరికెపూడి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’గా తెరకెక్కింది. ఆడపేరు పెట్టుకుంటే నవల అమ్ముడవుతుందని కొందరు మగ రచయితలు స్త్రీల పేర్లతో రాసిన కాలం కూడా అదే. ఆ నవలలను వంటింటి సాహిత్యమని వెక్కిరించినవారిలో చాలామంది ఇంటికి వచ్చిన పత్రికను ఆడవాళ్లకంటే ముందు విప్పి చదివినవారేనని నా అనుమానం.

మీరు ఆ నవలను వెనకేసుకు రావలసిన అవసరమూ లేదు. నాయకుడు రాజశేఖరం ఐశ్వర్యం, అతని ఠీవి, నాయిక జయంతి అభిమానం దెబ్బతిన్నప్పుడల్లా కథ తిరిగే మలుపులు ఈనాడు చదివితే కొన్నిచోట్ల నవ్వు వస్తుంది, కొన్నిచోట్ల చిరాకూ వస్తుంది. అయినా ఒక మధ్యతరగతి అమ్మాయి జీతం కోసం ఒక పరాయి మగవాడి కార్యాలయంలో అడుగుపెట్టి, తన మాట తాను నిలబెట్టుకోవడం ఆ రోజుల్లో ఇల్లు కదలని ఆడవాళ్లకు ఎలా అనిపించి ఉంటుందో ఆలోచించండి. మీ అమ్మగారు ‘ఇక్కడ జయంతిదే తప్పు’ అని రాసిన చోట జయంతి ఏం చేసింది? ఆవిడకు తప్పుగా తోచినది, ఉద్యోగం చేసుకుంటున్న మీకు కూడా తప్పుగానే తోచిందా? ‘సరిగ్గా అంది’ అన్న మాట ఏ సంభాషణ పక్కన ఉంది? తల్లి ఒక పేజీ దగ్గర ఒప్పుకుని కూతురు అదే పేజీ దగ్గర ఒప్పుకోకపోతే, అయిదు నిమిషాలు కాదు, ఆ సాయంత్రమంతా మాట్లాడుకోవడానికి సరిపోతుంది. ఆ రెండు రాతలూ పైకి చదివి వినిపించండి.

బైండు ప్రతి వెంట తీసుకువెళ్లండి. పత్రికల నుంచి కుట్టించిన పుస్తకాల్లో అచ్చు పుస్తకంలో దొరకని సరుకు ఉంటుంది. కథ పేజీ వెనుక మరొకరి కథ తోక, సగం తెగిన కార్టూన్, తలనూనె ప్రకటన, పిండివంట కొలతలు, అట్టకు దగ్గరగా కుట్టడం వల్ల లోపలి అంచున మరుగున పడిపోయిన అక్షరాలు, ఎక్కడో ఒకచోట దొరకని సంచిక వల్ల పడిన ఖాళీ. ఈ ఖాళీల్లో కథ ఏమైందో ఇరుగుపొరుగును అడిగి తెలుసుకునేవారు. పత్రిక ఒక్కటే వచ్చే వీధిలో నలుగురైదుగురు ఆడవాళ్లు దానిని వంతులవారీగా చదివి, తరువాయి భాగంలో ఏమవుతుందోనని వాదించుకునేవారు. ఇప్పుడు మీ కాలనీలో మీరు చేస్తున్న పని వాళ్లు నియమాలేమీ పెట్టుకోకుండానే చేశారు.

ఇక కారణం చెప్పడమెలా అన్న సంగతి. ‘బాగుంది’, ‘మనసుకు హాయిగా ఉంది’, ‘ఎన్నో విషయాలు తెలుస్తాయి’ వంటి మాటలు ఏ పుస్తకానికైనా సరిపోతాయి కనుక ఏ పుస్తకం గురించీ ఏమీ చెప్పవు. మీరు చెప్పబోయే కారణాన్ని మీ అలమరలోని మరొక పుస్తకానికి తగిలించి చూడండి. అతుక్కుంటే అది అసలు కారణం కాదని గ్రహించి ఇంకొంచెం లోపలికి వెతకండి. వెతికితే చాలాసార్లు చిన్న కారణమే దొరుకుతుంది. ఎవరో అన్న ఒక మాట, చూసి వచ్చిన ఊరు, తీరని కోపం, నిద్ర పట్టకపోవడం, చిన్నప్పుడు సగం విన్న కథ. అవి చిన్నవని సిగ్గుపడి వాటి మీద పెద్ద కారణాలు కప్పకండి.

నా సంగతి అడిగారు కనుక ఆ పద్ధతిలోనే చెబుతాను. నేనిప్పుడు గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’ చదువుతున్నాను. ఈ మాట వింటే ఎవరైనా ‘అబ్బో, మహత్తర కావ్యం’ అని తల ఊపి ఊరుకుంటారు, ఎందుకని అడగరు. గిరీశం మాటలకు నవ్వుకోవడానికి ఈసారి దానిని తీయలేదు. నాటకానికి 1897లో గురజాడ వారు ఇంగ్లీషులో రాసిన పీఠిక ఉంది. విజయనగరం మహారాజు ఆనందగజపతి ఆజ్ఞతో అప్పటి విశాఖపట్నం జిల్లాలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్ల, అంటే పిల్ల తరఫువారికి వెల చెల్లించి చేసుకునే పెళ్లిళ్ల పట్టిక ఒకటి తయారు చేయించారని అందులో చెప్పారు. మూడేళ్లలో లెక్కకు వచ్చిన పెళ్లిళ్లు 1034. పెళ్లినాటికి 99 మంది ఆడపిల్లలకు అయిదేళ్లు, 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు, ఆరుగురికి రెండేళ్లు, ముగ్గురికి ఒక్క ఏడాది. ఆ ఏడాది పసికందుల వెల 350 నుంచి 400 రూపాయల దాకా పలికిందట.

ఇటీవల ఒక పెళ్లిలో భోజనాల పంక్తిలో కూర్చున్నప్పుడు పక్కన ఇద్దరు పెద్దమనుషులు కట్నాల గురించి మాట్లాడుకుంటూ, ‘మన పూర్వులు ఆడపిల్లకు ఎదురు డబ్బిచ్చి చేసుకునేవారు, ఆ మర్యాదలన్నీ పోయాయి’ అని నిట్టూర్చారు. ఆ పెద్దమనుషుల ‘మర్యాద’ నా చెవిలో ముల్లులా ఉండిపోయింది. ఇంటికి వచ్చి ఆ లెక్క ఎంతో చూద్దామని పీఠిక తీశాను. తీసినదానిని మూయలేక నాటకంలోకి వెళ్లాను. ఇదీ నా ‘ఎందుకు’. ఈ కారణంతో వెళ్లినందువల్ల నాకు కనబడిన నాటకం కూడా వేరుగా ఉంది. విజయనగరం బొంకులదిబ్బ మీద సాయంకాలం వేళ గిరీశం తన అప్పులు లెక్కపెట్టుకునే మొదటి ఘట్టాన్ని గబగబా దాటేశాను. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి ముసలి లుబ్ధావధాన్లుకు పెళ్లికూతురుగా అంటగట్టడానికి సాగించే వ్యవహారం దగ్గర ఆగిపోయాను. వేదిక మీద ఆ బేరానికి జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు, నేనూ ఎన్నోసార్లు నవ్వాను. పీఠికలోని అంకెలు తలలో పెట్టుకుని చదివితే అక్కడ ప్రతి రూపాయి పెంపు వెనుకా ఉయ్యాల వయసు పిల్ల కనబడుతుంది. ఉన్నది వేషం వేసిన మగపిల్లవాడు కనుకనే మనం నవ్వగలుగుతున్నామని, గురజాడ ఆ వెసులుబాటు కావాలనే ఇచ్చారని నాకు తోచింది. ఇది పండితులకు కొత్త సంగతి కాకపోవచ్చు, ఎక్కడో ఎవరో రాసే ఉంటారు. అయినా ఒక పెళ్లి పంక్తిలో విన్న మాట పట్టుకుని అక్కడికి వెళ్లిన దారి నాది.

ఆ నాటకం 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దానిని దాదాపు తిరగరాసి రెండో కూర్పు తెచ్చారు. మనం చూసేదీ చదివేదీ ఆ రెండోదే. మరుగున పడిన మొదటి కూర్పును వెలికితీసి మళ్లీ అచ్చు వేసినది మీ నెల్లూరు సీమవారే. ఆయన బంగోరెగా ప్రసిద్ధులైన బండి గోపాలరెడ్డి. మీ సమావేశంలో ఎవరికైనా ఆ ప్రతి దొరికితే రెండు కూర్పుల్లోనూ మధురవాణిని పక్కపక్కన పెట్టి చదవమనండి. మంచి నెల గడుస్తుంది.

సగంలో ఆపిన పుస్తకం గురించి చెప్పవచ్చా అని అడిగారు. తప్పకుండా చెప్పవచ్చు. ‘ప్రస్తుతం చదువుతున్న’ అన్న మాటకు అర్థమే ఇంకా పూర్తి కాలేదని కదా. పూర్తయిన పుస్తకం గురించి మాట్లాడేటప్పుడు మనం తెలియకుండానే తీర్పరులమైపోతాము. నడుమ ఉన్నప్పుడైతే మన ఊహలు, విసుగులు, తప్పుడు అంచనాలు ఇంకా పచ్చిగా ఉంటాయి. వినేవారికి రుచించేవి అవే. నా బల్ల మీద ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ కొన్ని వారాలుగా ఒకేచోట తెరిచి ఉంది. రాయవెల్లూరు జైలులో రాసిన నవల అది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అంతటి చరిత్ర ఉన్న నవలలో రామదాసు తత్త్వవిచారం సాగే ఒకచోట నా అడుగు పడలేదు. ఆ చర్చ నాకు పట్టలేదని చెప్పడానికి నాకేమీ సంకోచం లేదు. కథ ఎటు పోతుందో తెలుసుకోవాలన్న కోరిక మాత్రం చావలేదు. రేపు ఎవరైనా ‘ఆ చర్చ దాటితే ఫలానా ఘట్టం వస్తుంది, ఓపిక పట్టండి’ అంటే మళ్లీ పట్టుకుంటాను. ఆగిపోయానని బయటికి చెప్పకపోతే అలా చేయి పట్టుకుని నడిపించేవారు దొరకరు.

మీ ‘వేయిపడగలు’ కథ వేరు. ఇంట్లో ఉండవలసిన పుస్తకమని కొన్నారు. కొనడానికి అది మంచి కారణమే కానీ చదవడానికి చాలదు, అందుకే రెండు వందల పేజీల దగ్గర బండి ఆగింది. ఆ మాటే సమావేశంలో చెప్పండి. ‘ఇంట్లో ఉండాలని కొన్నాను, చదవడానికి నాకింకా నా కారణం దొరకలేదు, మీలో చదివినవారు దేనికోసం చదివారు?’ అని అడిగితే ఆ సంస్కృత అధ్యాపకులు సుబ్బన్నపేట గురించీ, ధర్మారావు గురించీ, పసిరిక అనే ఆ వింత కుర్రవాడి గురించీ మీకు ఎంతైనా చెబుతారు. నా వైపు నుంచి ఒక సలహా. విశ్వనాథ సత్యనారాయణ గారు ఆ నవలను 1934లో 29 రోజుల్లో నోటితో చెబుతూ ఉంటే వారి తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాసుకుంటూ పోయారని ప్రసిద్ధి. అది చెప్పిన కథ. అందుకే కళ్లతో చదివితే బరువనిపించే చర్చలు పైకి చదివితే ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని వాదిస్తున్నట్టు సాగిపోతాయి. మీకు నచ్చకపోతే ఆయనతో పోట్లాడడానికి కూడా పైకి చదవడమే అనువు. పాత వ్యవస్థ మీద ఆయనకున్న మక్కువ అందరికీ మింగుడుపడేది కాదు, పడనక్కరలేదు. అన్నట్టు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్ర విశ్వవిద్యాలయం) నవలల పోటీ బహుమతిని ‘వేయిపడగలు’తో పాటు అడివి బాపిరాజు గారి ‘నారాయణరావు’ పంచుకుంది. మీలో మరొకరు అదే నెలలో ‘నారాయణరావు’ చదివితే, రెండు నవలలకూ సమానంగా బహుమతి ఇచ్చిన న్యాయనిర్ణేతల ఇబ్బంది మీకు చక్కగా అర్థమవుతుంది.

నా దగ్గర నడుస్తున్న మూడో పుస్తకం మాలతీ చందూర్ గారి ‘వంటలు – పిండివంటలు’. కారణం అడగకండి, మా ఇంటికి అల్లుడు వస్తున్నాడు. ఆవిడ పేరు వచ్చింది కనుక ఇంకొక్క మాట. ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షిక కింద దశాబ్దాలపాటు పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చిన మాలతీ చందూర్ గారే, ‘స్వాతి’ మాసపత్రికలో ‘పాత కెరటాలు’ అన్న పేరుతో ఇంగ్లీషు నవలలను తెలుగువారికి పరిచయం చేశారు. ఆ పుస్తకాలు దొరకని ఊళ్లలో, ఆ భాష రానివారికి కథను మొదటి నుంచి చివరిదాకా చెప్పడం ఆవిడ పెట్టుకున్న పని. మీ సమావేశంలో మాత్రం ఆ పద్ధతి వద్దు. వినేవారు రేపు ఆ పుస్తకం తామే తెచ్చుకుని చదువుకోగలరు. అయిదు నిమిషాల్లో నాలుగు నిమిషాలు కథ చెప్పడానికే పోతే మీ కారణం చెప్పే వేళకు గడియారం చూసేవాళ్లు ఎక్కువవుతారు. పుస్తకం పేరు, రచయిత పేరు, మీ చేతికి ఎలా వచ్చింది, ప్రస్తుతం ఎక్కడున్నారు, మిమ్మల్ని ఆపిన ఒక చోటు. ఇంతే చాలు. ఆ ఒక చోటును మాత్రం కళ్లకు కట్టినట్టు చెప్పండి, వీలైతే నాలుగు పంక్తులు చదివి వినిపించండి. చివర ఏమవుతుందో చెప్పే హక్కు ఎవరికీ లేదు.

కేన్సర్ పుస్తకం చదువుతున్న ఆవిడ విషయంలో మీకు కలిగిన బాధ న్యాయమైనది. కొన్ని పుస్తకాలు ఇంట్లోకి వచ్చిన ఆపద వెంట వస్తాయి. రోగాల గురించి, విడాకుల చట్టాల గురించి, పిల్లల మానసిక సమస్యల గురించి చదివేవారు సరదాకు చదవరు. అటువంటి చోట ‘ఎందుకు’ అన్న ప్రశ్న ఒక్కసారిగా ఇంటి తలుపు నెట్టినట్టు అవుతుంది. కనుక మీ నియమాన్ని కొంచెం సడలించుకోండి. పుస్తకం పేరు అందరూ చెప్పాలి; కారణం చెప్పదలచుకోనివారు ‘ఇది నా కోసం’ అంటే చాలు, ఆ తర్వాత ఎవరూ రెండో ప్రశ్న వేయకూడదు. ఈ సవరణను ఆవిడ ఎదుట, ఆవిడ పేరు ఎత్తి ప్రతిపాదించకండి. ‘నాకు కూడా ఒక్కొక్కసారి చెప్పాలనిపించదు’ అని మీ తరఫున మీరు అడగండి. సమావేశం అయ్యాక ఒకనాడు ఆవిడ ఇంటికి ఊరికే వెళ్లి కూర్చుని రండి. పుస్తకం ఊసు ఆవిడ తెస్తే వినండి, తేకపోతే కాఫీ తాగి రండి.

చదివేవాటిని మార్చుకోవాలా అన్నదానికి పెద్ద జవాబు అక్కరలేదు. సిగ్గుతో మార్చుకోకండి. ఎవరైనా చెప్పినది విని ఆశ పుడితే తప్పకుండా మార్చుకోండి. మేఘసందేశం మీకు అందదని ముందే అనుకోకుండా, ఒక్క శ్లోకం చదివి అర్థం చెప్పమని ఆ అధ్యాపకులను అడిగి చూడండి. అడిగేవారి కోసం ఎదురుచూడని మేష్టారు నాకింతవరకు తారసపడలేదు. ఆ సాఫ్ట్‌వేర్ అబ్బాయిని కూడా పుస్తకం ఎలా ఉందని అడిగే బదులు, ‘బాబూ, నువ్విప్పుడు ఎక్కడున్నావు, ఎందుకు మొదలుపెట్టావు?’ అని అడగండి. కార్యాలయంలో అందరూ దాని గురించే మాట్లాడుకుంటున్నారు, తాను వెనకబడకూడదని మొదలుపెట్టానని అతను ఒప్పుకున్నా ఆశ్చర్యపోకండి. మీరు దాచుకున్నదీ అతను దాచుకున్నదీ ఒకే బాపతు సంకోచమని అప్పుడు తెలుస్తుంది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. మీరు ఆ బైండు ప్రతి గురించి నేను చెప్పినట్టు మాట్లాడితే, ‘ఒక్క వారంలో ఇచ్చేస్తానండీ’ అంటూ కనీసం ఇద్దరు చేయి చాస్తారు. పరుల చేతికి పోయిన పుస్తకం పోయినట్టేనని మన పెద్దలు శ్లోకం కూడా కట్టారు. ఆ శ్లోకంలో పుస్తకం, విత్తంతో పాటు వనితను కూడా సామానుల జాబితాలో చేర్చినందుకు వారిని ఇంకొక రోజు నిలదీద్దాం. పుస్తకం విషయంలో మాత్రం వారి అనుభవం అబద్ధం కాదు. ‘సెక్రటరీ’ అచ్చు ప్రతులు దొరుకుతాయి, అడిగినవారిని అవి కొనుక్కోమనండి. అమ్మగారి ప్రతిని గది దాటనీయకండి. మొహమాటానికి పోయే స్వభావమైతే, సమావేశానికి ముందే రాతలున్న పేజీలను ఫోనులో ఫొటో తీసి పెట్టుకుని, అడిగినవారికి వాటిని పంపించండి. ఆ పాత న్యూస్‌ప్రింట్ కాగితం మడతల దగ్గర పొడిపొడిగా రాలే స్థితికి వచ్చి ఉంటుంది కనుక ఎలాగూ మీరు చేయవలసిన పనే అది. పెన్సిల్ రాత పేజీల రాపిడికి చెరిగిపోతూ ఉంటుంది. వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి తీస్తే అక్షరాలు తేటగా వస్తాయి.

ఇక వచ్చే నెల సంగతి. పెద్దవారు మాట్లాడాక మాట్లాడవలసి రావడమే పోయినసారి మిమ్మల్ని దెబ్బతీసింది. కనుక ఈసారి ఎవరింట్లో కలుస్తున్నారో వారికి రెండు రోజుల ముందే ఫోన్ చేసి, మొదటి వంతు మీకు ఇవ్వమని అడగండి.